కజిన్ అనే మాట తెలుగులో ఎందుకు లేదు?

ధర్మవరం పట్టుచీరల అంగట్లో పెళ్లివారు పరుపు మీద సర్దుకుని కూర్చున్నాక, బేరం కంటే ముందు వరసల లెక్క మొదలవుతుంది. మేనత్తకు ఒకటి, పెద్దమ్మకు ఒకటి, ఆడబిడ్డకు ఒకటి, వదినకు ఒకటి. ఏ చీర ఎవరికి, ఎంత ధరలో అన్నది ఆ పిలుపులే తేల్చేస్తాయి. ఓ మూల ఫోన్ చూసుకుంటున్న కుర్రాణ్ణి, ఎదురుగా ఉన్న అమ్మాయిలు నీకేమవుతారని అడిగితే మాత్రం "మా కజిన్స్" అంటాడు. జేజి చెవిన పడితే ఊరుకోదు. "కజిన్ ఏందిరా? అక్కా, మరదలా?" అంటుంది.

జేజి అడిగింది చిన్న ప్రశ్న కాదు. మానవ శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్లుగా దాని చుట్టూనే తిరుగుతున్నారు.

ఒక లెక్క చూద్దాం. పెదనాన్న కూతురు, పెద్దమ్మ కూతురు, మేనత్త కూతురు, మేనమామ కూతురు. జీవశాస్త్రం లెక్కలో ఈ నలుగురూ ఒక అబ్బాయికి సమాన దూరంలో ఉన్నవాళ్లే. ఒక్కొక్కరితో అతను పంచుకునే జన్యువుల వాటా సగటున ఎనిమిదో వంతు. మన ఇళ్లలో మాత్రం మొదటి ఇద్దరూ అక్కచెల్లెళ్లు, తర్వాతి ఇద్దరూ వదినామరదళ్లు. మొదటి ఇద్దరిలో ఒకరితో పెళ్లి అనే ఊహే పాపం. తర్వాతి ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి, పెళ్లి మాట ఎత్తకుండా బయటి సంబంధానికి పోతే అలకలు వచ్చిన ఇళ్లు ఎన్నో. రక్తం ఒకటే అయినప్పుడు ఈ గీత ఎక్కడిది?

ఒక మాటలో ఇద్దరు

నాన్నకు అక్కో చెల్లెలో అయితే అత్త. పెళ్లయ్యాక మొగుడి తల్లీ అత్తే. అమ్మకు అన్నో తమ్ముడో అయితే మామ, పిల్లనిచ్చినవాడూ మామే. అల్లుడికి ముందు 'మేన' చేరిస్తే మేనల్లుడు, కోడలికి చేరిస్తే మేనకోడలు. హిందీలో మామా వేరు, ససుర్ వేరు. బువా వేరు, సాస్ వేరు. అక్కడ పెళ్లితో కొత్త చుట్టాలు వస్తారు, కొత్త పిలుపులూ వస్తాయి. మన దగ్గర పెళ్లికి ముందు అత్త అయిన మనిషి పెళ్లి తర్వాత కూడా అత్తగానే ఉండే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరే మేనరికం. ఆ ఏర్పాటు భాషలోకి ఇంకిపోయింది.

హిందూపురం వైపు ఇళ్లలో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. కన్నడంలోనూ ఇదే సంగతి. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో చనిపోయిన అళియ రామరాయలు శ్రీకృష్ణదేవరాయలకు అల్లుడు. ఆ ఓటమి తర్వాత ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. రామరాయల పేరుకు అతుక్కుపోయిన 'అళియ' అనే కన్నడ మాటకు కూతురి మొగుడనే కాదు, అక్కచెల్లెళ్ల కొడుకనే అర్థం కూడా ఉంది. తుళునాడులో మేనమామ ఆస్తి మేనల్లుడికి వచ్చే పద్ధతిని అళియసంతానం అనడం అందుకే.

ఈ లెక్కకు సూత్రం ఒక్కటే. అన్నదమ్ముల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అక్కచెల్లెళ్ల పిల్లలూ అంతే. అన్న పిల్లలు, చెల్లెలి పిల్లలు మాత్రం ఒకరికొకరు బావామరదళ్లు. ఈ సూత్రాన్ని ఎంత దూరమైనా లాక్కుపోవచ్చు. పెనుకొండ బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి మీ ఇంటిపేరు, మీ అమ్మగారి ఊరు అడిగాడంటే రెండు నిమిషాల్లో ఆయన మీకు మామో చిన్నాయనో తేలిపోతుంది. రక్తసంబంధం ఎక్కడా దొరక్కపోయినా వరస దొరుకుతుంది.

మోర్గాన్ నిచ్చెన

ఈ సూత్రాన్ని మొదట పట్టుకుని ఆశ్చర్యపోయినవాడు అమెరికాలోని రాచెస్టర్ పట్టణపు న్యాయవాది లూయీ హెన్రీ మోర్గాన్. తన ప్రాంతంలోని సెనెకా అనే ఆదివాసులు నాన్న అన్నదమ్ముల్ని కూడా నాన్న అనే పిలవడం, అమ్మ అన్నదమ్ములకు మాత్రం వేరే మాట వాడడం గమనించాడు. ప్రపంచమంతా ఇలాగే పిలుస్తారా అని ప్రశ్నావళులు అచ్చువేసి మిషనరీలకు, అధికారులకు పంపాడు. వచ్చిన జవాబుల్లో తమిళ, తెలుగు, కన్నడ పట్టికలు చూసి నివ్వెరపోయాడు. సముద్రాల అవతల ఉన్న సెనెకాల లెక్కే ఇక్కడా కనిపించింది. ఆ పట్టికలన్నీ 1871లో స్మిత్సోనియన్ సంస్థ ప్రచురించిన పెద్ద గ్రంథంలో చేరాయి.

పోలిక నిజమే కానీ పూర్తి కాదని 1964లో ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ చూపించాడు. తాతల తరం దాకా పోయి, దూరపు చుట్టాలను లెక్కించే చోట సెనెకాలు ఒక దారిలో, మనం ఇంకో దారిలో వెళ్తాం. మన లెక్క ప్రతి మెట్టు దగ్గరా వరస కుదురుతుందా లేదా అని అడుగుతూ పోతుంది. సెనెకాల లెక్కకు ఆ పట్టింపు లేదు.

మోర్గాన్ తన పట్టికల నుంచి ఒక నిచ్చెన కట్టాడు. ఆదిమానవుల్లో పెళ్లే లేదు, తర్వాత గుంపు పెళ్లిళ్లు వచ్చాయి, క్రమంగా ఒక జంట కాపురం ఏర్పడింది అని 1877లో రాశాడు. ఎంగెల్స్ 1884లో కుటుంబం పుట్టుక మీద రాసిన పుస్తకం దానిమీదే నిలబడింది. తెలుగులో వామపక్ష సాహిత్యం చదివినవాళ్లకు ఈ కథ బాగా పరిచయం. అయితే ఫిన్లాండ్ పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లోనే దీన్ని కాదన్నాడు. పెళ్లి లేని గుంపు దశ ఉన్నట్టు ఆధారమే లేదన్నాడు. చిన్నతనం నుంచి కలిసి పెరిగినవారి మధ్య పెద్దయ్యాక ఆకర్షణ పుట్టదని కూడా ప్రతిపాదించాడు.

ఆ రెండో మాటకు తర్వాత ఇజ్రాయెల్‌లో బలం దొరికింది. కిబ్బుట్జ్ అనే సమష్టి వ్యవసాయ గ్రామాల్లో పిల్లలందరినీ ఒకేచోట పెంచేవారు. అక్కడ పెరిగినవారి పెళ్లిళ్లు దాదాపు 2,800 పరిశీలిస్తే, పుట్టినప్పటి నుంచి ఆరేళ్లదాకా విడవకుండా కలిసి పెరిగిన ఇద్దరు పెళ్లి చేసుకున్న ఉదంతం ఒక్కటీ దొరకలేదు.

మరి మన గీతకు కారణం ఇదేనా? సగమే. ఉమ్మడి ఇంట్లో పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు ఒకే పళ్లెంలో తిని పెరుగుతారు, నిజమే. పెద్దమ్మ పిల్లలు మాత్రం మేనమామ పిల్లల్లాగే వేరే ఊళ్లో పెరుగుతారు. అయినా వాళ్లు అక్కచెల్లెళ్లే అయ్యారు. అంటే గీత గీసింది ప్రకృతి ఒక్కటే కాదు, మనుషులూ గీశారు.

ఇచ్చిపుచ్చుకోవడం

ఎందుకు గీశారన్న ప్రశ్నకు ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ టైలర్ 1889లో క్లుప్తంగా జవాబిచ్చాడు. బయటివారితో వియ్యమందుకోని గుంపు చివరికి వారి చేతుల్లోనే నాశనమవుతుందన్నాడు. ఫ్రాన్స్‌లో క్లాడ్ లెవీ స్ట్రాస్ 1949లో ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. తోబుట్టువును చేసుకోకూడదన్న నిషేధానికి అసలు ప్రయోజనం ఆమెను ఇంకో ఇంటికి ఇవ్వాల్సి రావడమే, అలా ఇవ్వడంతోనే సమాజం మొదలైందని ఆయన వాదన. స్త్రీని ఇచ్చిపుచ్చుకునే వస్తువుగా చూశాడని తర్వాత స్త్రీవాదులు గట్టిగానే నిలదీశారు. లూయీ డ్యూమాంట్ 1950లలో దక్షిణాదిని చూసి ఒక మెలిక చేర్చాడు. ఇక్కడ వియ్యం ఒక పెళ్లితో ముగిసేది కాదు, ఆస్తిలాగే తరం నుంచి తరానికి వారసత్వంగా వచ్చేదన్నాడు.

డ్యూమాంట్ చెప్పింది మన ఊళ్లలో పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. వాన నమ్మకం లేని నేల. ఈ ఏడు ఒక ఊళ్లో కాస్త పడితే పక్క ఊళ్లో పడదు. గింజలకో, ఎద్దులకో, అప్పుకో ముందుగా తలుపు తట్టేది వియ్యంకుడి ఇంటినే. ఆ చుట్టరికం ఒక తరంతో పలచబడకుండా ఉండాలంటే మళ్లీ ఓ ముడి పడాలి. పొలం చీలిపోదు, కట్నం మాట మెత్తగా ఉంటుంది, పిల్ల వెళ్లేది కొత్త అత్త దగ్గరికి కాదు, చిన్నప్పుడు ఒడిలో ఆడించిన అత్త దగ్గరికే. 'సొంతంలో ఇచ్చుకున్నాం' అనే మాటలో ఇవన్నీ ఉన్నాయి. మొగుడు తాగుబోతైనా, పిల్లకు ఇష్టం లేకపోయినా 'మనవాడే కదా' అని నోరు మూయించడమూ అందులోనే ఉంది.

ఎముకలు చెప్పిన సంగతులు

మాటలను బట్టి గతాన్ని ఊహించడం ఒక ఎత్తు. ఇప్పుడు పాత ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి, ఎవరికి ఎవరు ఏమవుతారో సూటిగా చదవగలుగుతున్నారు.

సైబీరియాలోని అల్తాయ్ కొండల్లో చాగిర్స్కాయా అనే గుహ ఉంది. అక్కడ సుమారు 54 వేల ఏళ్ల కిందట ఒక నియాండర్తల్ గుంపు బతికింది. 2022లో వెలువడిన పరిశోధన వారిలో ఒక తండ్రిని, యుక్తవయసులో ఉన్న ఆయన కూతురిని గుర్తించింది. తల్లుల వైపు నుంచి వచ్చే డీఎన్ఏలో వైవిధ్యం ఎక్కువగా, తండ్రుల వైపు నుంచి వచ్చేదానిలో చాలా తక్కువగా ఉంది. ఆడపిల్లలు వేరే గుంపుల నుంచి వచ్చారన్నమాట. అత్తారింటికి వెళ్లడం అనేది మన జాతికంటే పాతదేమో అనిపిస్తుంది.

రష్యాలోని సుంగీర్‌లో దాదాపు 34 వేల ఏళ్ల కిందటి సమాధులున్నాయి. వేల కొద్దీ మామత్ (పాతకాలపు ఏనుగు) దంతపు పూసలతో పూడ్చిన ఇద్దరు పిల్లలు అక్కడ తలతో తల కలిపి పడుకుని ఉన్నారు. ఒకేచోట పూడ్చారు కాబట్టి తోబుట్టువులనుకున్నారు. 2017లో డీఎన్ఏ చూస్తే అక్కడ పరీక్షించిన నలుగురిలో ఎవరూ ఎవరికీ దగ్గరి రక్తసంబంధీకులు కారు. అంత చిన్న గుంపులోనూ దగ్గరివాళ్ల మధ్య సంతానం లేదంటే, చుట్టుపక్కల గుంపులతో రాకపోకలు, వియ్యాలు క్రమం తప్పకుండా జరిగి ఉండాలి.

ఇక్కడే మనిషి మిగతా వానర జాతుల నుంచి విడిపోతాడు. చింపాంజీల్లో ఈడొచ్చిన ఆడవి పుట్టిన గుంపును వదిలి వెళ్లిపోతాయి. వెళ్లిన దానికి పుట్టింటితో సంబంధం తెగిపోతుంది. దాని పిల్లకు మేనమామ ఉన్నాడు కానీ ఆ పిల్లకు అతనెవరో తెలియదు. ఆడపిల్ల వెళ్లిపోయాక కూడా అన్నాచెల్లెలి బంధం తెగకుండా నిలుపుకున్నది మనిషి ఒక్కడేనని, మానవ సమాజానికి అదే పునాది అని బెర్నార్డ్ షపే అనే కెనడా శాస్త్రవేత్త 2008లో వాదించాడు. చెల్లెలి మొగుడు శత్రువుల గుంపువాడు కాకుండా బావ అయ్యాడు. రెండు గుంపుల మధ్య కత్తులు దూసుకోకుండా నడిచి వెళ్లగలిగే తోవ ఒకటి ఏర్పడింది. ఈ కాలపు 32 వేట, సేకరణ సమాజాలను పరిశీలించి 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఆ గుంపుల్లో కలిసి బతికేవాళ్లలో ఎక్కువ మందికి పరస్పరం రక్తసంబంధమే లేదు. వాళ్లలో చాలామందిని కలిపి ఉంచుతున్నది పెళ్లి చుట్టరికాలే.

ఒడిబియ్యం పోసే అన్నను, సారె తెచ్చే తమ్ముణ్ణి ఈ కోణంలోంచి చూడండి. చింపాంజీలకు లేనిది అదే.

అలాగని అందరిదీ ఒకే తోవ అనుకోకూడదు. ఫ్రాన్స్‌లోని గుర్జీ శ్మశానంలో దాదాపు 6,500 ఏళ్ల కిందటి 64 మందితో ఏడు తరాల వంశవృక్షం కట్టగలిగారు. అందులో మగవాళ్లు పుట్టినచోటే ఉన్నారు, ఆడవాళ్లు బయటి నుంచి వచ్చారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఇనుప యుగపు డ్యూరోట్రిగీస్ తెగ సమాధులను చదివి 2025లో చెప్పింది దీనికి తలకిందులు. అక్కడ ఎక్కువ మంది ఒకే ఆదిమాత సంతతి, ఇల్లరికం వచ్చింది మగవాళ్లు. మోర్గాన్ అనుకున్నట్టు అందరూ ఎక్కిన ఒకే నిచ్చెన లేదు. నేలను బట్టి, బతుకుతెరువును బట్టి మనుషులు రకరకాల ఏర్పాట్లు చేసుకున్నారు.

మన దగ్గర ఎంత పాతది?

భాషను బట్టి చూస్తే చాలా పాతది. తెలుగు, తమిళ, కన్నడ, గోండి వంటి ద్రావిడ భాషల పిలుపులను పోల్చి, వాటి మూలభాష నాటికే మేనరికపు లెక్క ఉందని థామస్ ట్రౌట్‌మన్ 1981లో వచ్చిన పుస్తకంలో వాదించాడు. ఇలాంటి లెక్కే అమెజాన్ అడవుల్లో, ఆస్ట్రేలియా ఆదివాసుల్లో కూడా కనిపిస్తుంది. అందుకే నికొలస్ అలెన్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు ఒక అడుగు ముందుకేశాడు. మనుషుల తొలి చుట్టరికాల లెక్క ఇలాంటిదే అయి ఉండొచ్చని, సమాజాన్ని నాలుగు భాగాలు చేసి ఎవరు ఎవరిని చేసుకోవాలో తేల్చే చిన్న సూత్రం నుంచే మిగతావన్నీ విడిపోయాయని ప్రతిపాదించాడు. ఇది రుజువైన సంగతి కాదు, ఆలోచించదగ్గ ఊహ.

రాతల్లో చూస్తే, దక్షిణాదివారు మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రం ఇక్కడి ప్రత్యేక ఆచారాల్లో ఒకటిగా చెప్పింది. రాళ్లలో చూస్తే నాగార్జునకొండ. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి భార్యల్లో బాపిసిరి, ఛఠిసిరి ఆయన మేనత్త హమ్మసిరి కూతుళ్లేనని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. కథల్లో చూస్తే మాయాబజార్. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. మన జనం ఆమెను బలరాముడి కూతురిగా పుట్టించి, సుభద్ర కొడుకు అభిమన్యుడికి మరదలిని చేశారు. 1957లో సినిమా చూసిన ఏ ప్రేక్షకుడికీ వాళ్ల ప్రేమకు వేరే కారణం చెప్పాల్సిన పని పడలేదు. బావామరదళ్లు, అంతే.

ఒకే వీధి, రెండు లెక్కలు

గీత రక్తానిది కాదనడానికి సాక్ష్యం మన వీధిలోనే ఉంది. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసే వెళ్తారు. ముస్లిం ఇళ్లలో చిన్నాన్న కూతురిని చేసుకోవచ్చు. పక్కింటి హిందువుకు ఆ వరస చెల్లెలు. హిందువుల ఇళ్లలో చాలాచోట్ల అక్క కూతురిని చేసుకోవచ్చు. పక్కింటి ముస్లింకు అది ఖురాన్ నిషేధించిన పెళ్లి. రక్తసంబంధం లేకపోయినా ఒకే తల్లి పాలు తాగిన ఇద్దరు ముస్లిం ధర్మంలో తోబుట్టువులే. ఎవరి లెక్క వారికి సహజంగా, అవతలివారిది వింతగా ఉంటుంది.

రక్తం లెక్క

వరస వేరు, జన్యువు వేరు. వరస కుదిరిందని జన్యువు ఊరుకోదు.

ప్రతి మనిషిలోనూ కొన్ని లోపభూయిష్టమైన జన్యువులు దాగి ఉంటాయి. జతలో ఒకటి బాగుంటే రెండోదాని లోపం బయటపడదు. భార్యాభర్తలు ఒకే తాతనుంచి వస్తే, ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండి, బిడ్డకు రెండు ప్రతులూ అవే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏదైనా ఒక జన్యువు విషయంలో బిడ్డకు తాతముత్తాతల నుంచి ఒకే ప్రతి రెండు వైపులా వచ్చే అవకాశం, బావామరదళ్ల సంతానంలో 16లో 1 వంతు. మేనమామ, అక్క కూతురు అయితే 8లో 1 వంతు, అంటే రెట్టింపు. మామూలుగా నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక తీవ్రమైన లోపం ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిలో దానికి ఇంకో రెండు మూడు చేరతాయి. అక్క కూతురి విషయంలో అంతకంటే ఎక్కువ. మేనరికం చేసుకున్నవారిలో చాలామందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. అందుకే 'మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదే' అనే మాట అబద్ధం కాదు, అలాగని అభయమూ కాదు.

ఈ లెక్కను మన నేల మీద శాస్త్రీయంగా మొదలుపెట్టినవారిలో తెలుగువాడు ఉన్నాడు. ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాక, ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960ల్లో ఆంధ్రలో మేనరికాల మీద అధ్యయనాలు ప్రచురించాడు.

తర్వాత హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి ఇంకో కోణం చూపించారు. మేనరికం లేకపోయినా తరతరాలుగా కులం దాటకుండా పెళ్లిళ్లు చేసుకోవడం కూడా అలాంటి పనే చేస్తుంది. 2017లో వచ్చిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన బలమైన జాడ చూపాయి. ఉదాహరణకు వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా నిమిషాల్లో తగ్గాలి. ఈ లోపం ఉంటే గంటల తరబడి ఊపిరి యంత్రం మీద ఆధారపడాల్సి వస్తుంది. ముందే చెబితే డాక్టరు మందు మారుస్తారు, అంతటితో సమస్య తీరుతుంది. జన్యువుల గురించి తెలుసుకోవడం ఎవరినో తప్పు పట్టడానికి కాదు, ఇలాంటి ఒక్క మాట సమయానికి చెప్పగలగడానికి. ఇప్పటికే సొంతంలో పెళ్లయినవారు గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోవడం, పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించడం అలాంటివే.

మరదళ్లు ఎక్కడ?

1955 హిందూ వివాహ చట్టం మేనమామతోనూ, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్యా పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయించింది. ఆ మినహాయింపు వెనక ఉన్నది మనలాంటి ప్రాంతాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు బంధువుల మధ్యే.

ఇది తగ్గడానికి చదువు, ఉద్యోగం, హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు కారణాలని అంటారు. నిజమే. వాటికంటే నిశ్శబ్దంగా పనిచేసే కారణం మామూలు గుణకారం. అందరి ఇళ్లలో ఐదుగురు పిల్లలున్న కాలంలో ఒక అబ్బాయికి అమ్మ వైపు నలుగురు, నాన్న వైపు నలుగురు. అందులో మేనమామలు, మేనత్తలు సగటున నలుగురు. వాళ్ల పిల్లలు ఇరవై మంది, వరసైన ఆడపిల్లలు పదిమంది. అందరికీ ఇద్దరేసి పిల్లలైతే ఆ పది ఒకటికి పడిపోతుంది. ఒక్కొక్కరే అయితే సున్నా. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక మహిళకు సగటు సంతానం 1.7. మేనరికాన్ని ఎవరూ నిషేధించనక్కర్లేదు. చేసుకుందామన్నా రేపు మరదలు ఉండదు.

అప్పుడు జేజి ప్రశ్న ఏమవుతుంది? అక్కా, మరదలా అని తేడా అడిగేది పెళ్లి కోసం. ఆ అవసరం పోయాక అందరూ కజిన్లే, అందరూ అంకుళ్లూ ఆంటీలే అవుతారేమో.

కానీ ఈ మధ్య హిందూపురంలో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన వేళ, 'మేనమామ ఎక్కడ?' అని పురోహితుడు కేక వేశాడు. పెళ్లికూతురి తల్లి ఒక్కతే సంతానం, తోడబుట్టినవాడు లేడు. క్షణం పాటు ఎవరూ మాట్లాడలేదు. అంతలో వెనక వరసలోంచి ఒకాయన లేచి తువ్వాలు నడుముకు బిగించాడు. తల్లికి పెదనాన్న కొడుకట. 'నేనున్నా కదా, వరసకు మామనే' అంటూ గంప పట్టాడు. పురోహితుడు రక్తసంబంధం అడగలేదు. వరస కుదిరింది, మంత్రం సాగింది.